నేర్పు పొర

"తల్లి" అన్న మాటను ఫోను "బల్లి" అని పలికిన మూడో రోజున, కొలిపాక మనోహర్ కొత్త ఫోను చూడటానికి హన్మకొండ చౌరస్తాలోని పెద్ద దుకాణం మెట్లెక్కాడు. వెంట అక్క సునంద ఉంది.

ఇంట్లో అలా పలికి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కారు. పలికింది కోర్టులో. "ఈ పసిబిడ్డకు కావలసింది తల్లి" అని మనోహర్ నోరు కష్టపడి అన్నది. అరసెకను తర్వాత చేతిలోని ఫోను స్పష్టంగా, గట్టిగా, "ఈ పసిబిడ్డకు కావలసింది బల్లి" అంది. వెనక బెంచీల్లో నవ్వు పుట్టింది. జడ్జిగారు తలెత్తేసరికి ఆగిపోయింది. మనోహర్ కూడా నవ్వేశాడు. అందరికంటే ముందు తానే నవ్వితే అవమానం కొంత తగ్గుతుందని అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. అతని క్లయింట్లు మాత్రం నవ్వలేదు. వాళ్ళకు వినబడదు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆ భార్యాభర్తలిద్దరూ ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చి, చివరికి మనోహర్ ముఖం చూశారు. ఆ చూపు మూడు రోజులుగా అతన్ని వదలడం లేదు.

మనోహర్ పుట్టినప్పుడు మెదడుకు కాసేపు ప్రాణవాయువు అందలేదు. బుద్ధికి ఏ లోటూ రాలేదు గానీ, నాలుక, దవడ, వేళ్ళు అతని అదుపులో ఉండవు. అతను మాట్లాడితే కొత్తవాళ్ళకు మూలుగులా వినిపిస్తుంది. ఒక్క వాక్యం టైపు చేయాలంటే పావుగంట పడుతుంది. లా పట్టా సంపాదించాడు. దాన్ని గోడకు తగిలించుకోవడం తప్ప ఏమీ చేయలేక కూర్చున్న రోజుల్లో, తొమ్మిదేళ్ళ కిందట, ఒక ప్రయోగశాల అతని చేతికి ఈ ఫోను ఇచ్చింది. ఆ ఫోను అతన్ని కోర్టులో నిలబెట్టింది. ముందు అతని గొంతు వినిపిస్తుంది, వెనకే ఫోను గొంతు. అంతే తేడా. మాట మాత్రం అతనిదే.

దుకాణంలో పాట హోరెత్తిపోతోంది. సేల్స్ అమ్మాయి అద్దంలా మెరిసే ఫోనొకటి తెచ్చి అతని ముందు నిలబెట్టింది.

"దీనికి నేర్పే పనే లేదు సార్. లక్షలమంది మాటలు ముందే నేర్చుకొని వచ్చింది. మీ పెదవులు చూస్తది, గొంతు వింటది. మీరు సగం అంటే చాలు, మిగతా సగం అదే చెప్పేస్తది. ఏదన్నా మాట్లాడండి సార్."

మనోహర్ ఫోను వైపు వంగి, "ముందు ఆ పాట బంద్ చేయించమ్మా, చెవులు పోతున్నయి" అన్నాడు.

"దయచేసి నాకు కొంచెం సహాయం చేయండి" అంది కొత్త ఫోను. గంభీరమైన, తియ్యని మగగొంతు.

సునంద కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత మంచిగున్నదిరా గొంతు! అచ్చం రేడియోల వార్తలు చదివినట్టు."

"నేనన్నది అది కాదు" అన్నాడు మనోహర్.

"మీ సహాయానికి కృతజ్ఞతలు" అంది ఫోను.

అతనికి ఒళ్ళు మండింది. జైలుకు పంపే సెక్షనొకటి గట్టిగా చదివాడు. "నాకు దాహంగా ఉంది" అంది ఫోను, ఎంతో మర్యాదగా. అమ్మాయి పరుగున వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

అప్పుడు అతనికి అర్థమైంది. ఇలాంటి నోరున్నవాళ్ళ మాటల్ని వీళ్ళు సేకరించింది ఆసుపత్రి మంచాల దగ్గర. ఇలాంటి నోరున్నవాడు అడిగేది నీళ్ళు, సాయం. అంతకుమించి ఏమన్నా అంటాడని ఆ ఫోనుకు నేర్పినవాళ్ళకు తోచలేదు. పాపం ఆ అమ్మాయి తప్పేముంది? ఆమె తెచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు తిరిగిచ్చి, జేబులోని పాత ఫోను తీశాడు.

"నేనన్నది ఒక్కటి గూడ అది చెప్పలేదక్కా" అంది పాత ఫోను. అమ్మ నేర్పిన ఫోను కాబట్టి దానిది అమ్మ భాషే.

"నాకేమెరుకరా? బాగనే చెప్తున్నదనుకున్న" అంది సునంద.

మనోహర్ చటుక్కున తలెత్తి అక్కను చూశాడు. పక్కనే నిలబడి అతని నోటి మాట మూడుసార్లు విన్నది. ఒక్కసారి కూడా తేడా కనిపెట్టలేకపోయింది.

* * *

మరునాడు ప్రయోగశాలలో డాక్టర్ హైమవతి పాత ఫోనును మూత విప్పి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. గోడ మీది తెరపై ఊదారంగు గీతల వల పరుచుకుంది. ఆమె పదేళ్ళు కష్టపడి పెంచిన పదార్థం అది. ఉల్లిపొరంత పలచన. మాట నేర్చుకునేకొద్దీ అందులో దారులు ఏర్పడతాయి, నడిచేకొద్దీ కాలిబాట గట్టిపడినట్టు. దానికి ఆమె పెట్టిన పేరు నేర్పు పొర. మొదట నలభైమందికి ఇచ్చారు. మనోహర్ పదిహేడోవాడు.

ఆ పొర ఊరికే నేర్చుకోలేదు. పద్నాలుగు నెలలపాటు అమ్మ రాజేశ్వరి రోజూ ఇదే గదికి వచ్చి, కొడుకు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. అతను ఒక మాట అనేవాడు. అదే మాటను ఆమె తేటగా అనేది. రెండూ విని పొర ఒక దారి వేసుకునేది. మనోహర్ నోటిని పూర్తిగా ఎరిగిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆ పొరకు మాత్రం ఇంకా అమ్మలాగే వినడం తెలుసు.

తెర మీద అక్కడక్కడ తెల్లటి మచ్చలున్నాయి.

"అవేంటి మేడం?" అని పక్కనుంచి సునంద అడిగింది.

"పోయిన దారులు." హైమవతి కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "ఇది ఇలా అరుగుతుందని నేను అనుకోలేదు మనోహర్ గారూ. ఎలుకల మీద చేసేది కాదు కదా, మనుషుల మాటల మీద ప్రయోగం. తొమ్మిదేళ్ళు నడిపి చూసే వ్యవధి మాకు లేదు. పనిచేస్తోంది కదా అన్న సంబరంలో ఇచ్చేశాం. తప్పు నాదే."

దాన్ని కొత్త ఫోనులోకి ఎక్కించలేరా అని మనోహర్ అడిగాడు. ఫోను విప్పి ఉంది కాబట్టి ఆ ప్రశ్నను అతను కాగితం మీద వంకర అక్షరాలతో రాయాల్సి వచ్చింది. నాలుగు మాటలకు నాలుగు నిమిషాలు. ఆమె కదలకుండా ఆగింది.

"నకలు తీయడం కుదరదు. చదవాలంటే ఒలవాలి, ఒలిస్తే అది ఇక పనిచేయదు. కొత్త పొర ఇవ్వగలను. ఈసారిది గట్టిది. కానీ ఖాళీది. అక్షరం ముక్క రాదు. మిమ్మల్ని ఎరిగినవాళ్ళెవరైనా ఆరు నెలలు కూర్చోవాలి."

"ఎనిమిది రోజుల్ల వాదన ఉంది మేడం!" అంది సునంద.

"ఎనిమిది రోజులు ఇది ఆగుతుందా అంటే చెప్పలేను. వేడెక్కనివ్వకండి. ఇంట్లో అసలు వాడకండి."

మనోహర్ కాగితం మీద మరో మాట రాశాడు: "ఇదే తీసుకుపోతా."

ఇంటికి వచ్చాక సునంద చేతిసంచి బల్ల మీద విసిరేసినట్టు పెట్టింది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. గొంతు పెంచితే పక్క తరగతి కూడా సర్దుకుంటుంది.

"ఆ దుకాణంల దాన్ని తీసుకో. కనీసం నవ్వరు నిన్ను. మొన్న కోర్టుల నవ్విన్రని నువ్వు చెప్తుంటే నాకు అన్నం దిగలే. రేపు నడుమల అది ఆగిపోతే ఏం జేస్తవ్? అందరి ముందట నిలబడి..."

మనోహర్ ఫోను తీయలేదు. నోటితోనే, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే విడదీసి, "నా మాట కాని మాటతో నేను గెలవను" అన్నాడు.

సునంద అతని పెదవుల వంక చూసింది. "గెలవడానికే కదరా నేను చెప్పేది" అంది.

ఆమెకు సగమే అర్థమైంది. ఫోను రాకముందు, అమ్మంత కాకపోయినా, అక్క చాలావరకు అర్థం చేసుకునేది. సినిమా కథలు చెప్పుకునేవాళ్ళు, పొట్లాడుకునేవాళ్ళు. ఫోను వచ్చాక అందరూ దాన్నే వినడం మొదలుపెట్టారు. అందరికీ సులువైంది, తనకూ అయింది. తొమ్మిదేళ్ళలో అక్క తన గొంతును ఎప్పుడు మరిచిపోయిందో అతను గమనించనే లేదు. నిన్న దుకాణంలో ఎక్కడ దెబ్బ తగిలిందో ఇప్పుడు తెలిసింది.

* * *

కేసు ఆమని అనే రెండున్నరేళ్ళ పాపది. పరకాలలో కుట్టుమిషన్ల దుకాణం నడుపుకునే రాజేశం, మంగ ఆమె తల్లిదండ్రులు. ఇద్దరికీ పుట్టుకతోనే వినికిడి లేదు, మాట లేదు. పాపకు రెండూ ఉన్నాయి. మాట లేని ఇంట్లో పెరిగితే పిల్లకు మాట రాదని, తనకు అప్పగించాలని రాజేశం తండ్రే కోర్టుకెక్కాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మనవరాలి మీద ప్రేమతోనే ఎక్కాడు. తీర్పు వచ్చేదాకా అని కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అయిదు నెలలుగా పాప ఆయన దగ్గరే ఉంది. నెలకు రెండుసార్లు, గంటసేపు, తల్లి వెళ్ళి చూసి వస్తోంది.

ఆ రోజు సునంద బడికి సెలవు పెట్టి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. తాతగారి తరఫు లాయరు నరహరి కోర్టులో అందరికంటే పెద్దవాడు. ఆయన వాదన ముగిశాక మనోహర్ లేచాడు. రాజేశం, మంగల ముందు సంజ్ఞల భాష టీచరు కూర్చుని, వింటున్నదంతా చేతులతో చెబుతోంది. మనోహర్ ఏమంటే అది జడ్జిగారి ముందూ, హాల్లోని బల్లల మీదా ఉన్న తెరలపై అక్షరాల్లో పడాలని తొమ్మిదేళ్ళ కిందటే ఏర్పాటు చేశారు. ఆ టైపు చేసే పని స్టెనో కోమలది. ఈ లోపల జడ్జీలు నలుగురు మారారు. కోమల మారలేదు.

పది నిమిషాలు బాగానే గడిచింది. తర్వాత ఫోను "హక్కు"ను "అప్పు" అంది. "చట్టం"ను "చుట్టం" అంది. మనోహర్ ఆపి, సరిదిద్ది, మళ్ళీ అన్నాడు. చేతిలో ఫోను వేడెక్కుతోంది. "ఈ కోర్టు ముందున్న ప్రశ్న" అని మొదలుపెట్టాడు. ఫోను "ఈ కోర్టు" అంది. మళ్ళీ "ఈ కోర్టు" అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు.

మనోహర్ ఫోను నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. తెర వెలిగే ఉంది. గొంతు లేదు.

నరహరి లేచి జడ్జిగారి వైపు తిరిగాడు. "అమ్మా, మా మిత్రుడి పరికరానికి ఇబ్బంది వచ్చినట్టుంది. వాయిదా వేస్తే మాకు అభ్యంతరం లేదు." మాట మర్యాదగానే ఉంది. కానీ వేసవి సెలవులు ముందున్నాయి. వాయిదా పడితే మళ్ళీ జూన్ నెల. పాప మరో రెండు నెలలు తల్లికి దూరం.

జడ్జిగారు క్యాలెండరు వైపు తిరిగారు.

"నా వాదన ఇంకా పూర్తి కాలేదు" అన్నాడు మనోహర్, తన నోటితో.

అతని గొంతు ఆ హాల్లో ఎప్పుడూ ఒంటరిగా వినిపించలేదు. ఇప్పుడు గోడలకు తగిలి, వంకరగా, బరువుగా తిరిగి వచ్చింది. వెనక బెంచీలో అక్క చీర కొంగుతో నోరు మూసుకోవడం కనిపించింది. అయినా అతను కూర్చోలేదు.

అప్పుడు టకటకమని చప్పుడు వినిపించింది. జడ్జిగారు తమ ముందున్న తెర చూసి ఆగిపోయారు. అక్కడ అక్షరాలు పడి ఉన్నాయి: నా వాదన ఇంకా పూర్తి కాలేదు.

"ఇది ఎవరు చెప్పారమ్మా నీకు?"

కోమల లేచి నిలబడింది. "సారే చెప్పిన్రు మేడం."

"నీకు అర్థమవుతుందా?"

"తొమ్మిదేండ్ల సంది వింటున్న మేడం. ముందు సారు గొంతే వస్తది, ఎనక ఫోనుది. ఫోను చెప్పేదాక ఆగుడెందుకని సారు గొంతు విని కొట్టుడు ఎప్పుడో షురూ జేసిన. మొన్న ఫోను బల్లి అన్ననాడు గూడ నేను తల్లి అనే కొట్టిన మేడం, రికార్డు చూడున్రి."

జడ్జిగారు రికార్డు తెప్పించి చూశారు. కళ్ళజోడు సర్దుకుని, "మనోహర్ గారూ, కొనసాగించండి" అన్నారు.

అతను కొనసాగించాడు. నలభై నిమిషాలు. తొందరపడలేదు. మాట తట్టుకున్నచోట ఆగి, దాన్ని మళ్ళీ మొదటినుంచి అన్నాడు. చెమట మెడమీదుగా కారింది. అంగన్‌వాడీ పుస్తకం తెరిచి చూపించాడు. తల్లి దగ్గరున్నప్పుడు ఆమనికి సంజ్ఞలు అరవై వచ్చేవి, పక్కింటి పిల్లలతో ఆడుతూ నేర్చిన నోటిమాటలు ముప్ఫై వచ్చేవి. తాతగారింట్లో చేతులు ఆడిస్తే వద్దని కూర్చోబెట్టారు. అయిదు నెలల్లో సంజ్ఞలు పోయాయి, మాటలు పదికి పడిపోయాయి. "మాట్లాడాలన్న ఆశే పోయింది ఆ పాపకు" అన్నాడు. తన సంగతీ దాచుకోలేదు. మూడేళ్ళ వయసులో తనకు ఒక్క మాటా రాలేదు. అయినా పళ్ళెంలో ఇంకో ముద్ద కావాలని తను అనుకునేలోపే అమ్మ చెయ్యి గిన్నె వైపు వెళ్ళేది. "ఎవరూ విననివాడికి మాట రాదు అమ్మా. నన్ను విన్న మనిషి ఒక్కతి ఉన్నందుకే నేనిక్కడ నిలబడ్డాను. ఈ పాపను విన్నది ఆమె తల్లి. ఆ తల్లితో పాప మాట్లాడేది వేళ్ళతో."

కోమల కొట్టింది: వీళ్ళతో.

నరహరి తన ముందున్న తెర చూసి, కుర్చీలోంచి సగం లేచాడు. "'వీళ్ళతో' కాదమ్మా కోమలా. 'వేళ్ళతో' అన్నారు."

అని, తనేమి చేశాడో అప్పుడు తట్టినట్టు, ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. ఆ సవరణ ఆయన క్లయింటుకు లాభం చేసేది కాదు. ఆయన మెల్లగా కూర్చుని కాగితాలు సర్దుకున్నాడు. మనోహర్ ఆయనకు తల వంచాడు. ఈ హాల్లో తొమ్మిదేళ్ళుగా నేర్చుకుంటున్నది తన చేతిలోని ఫోను ఒక్కటే కాదని అతనికి అప్పుడు తెలిసింది. తర్వాతి వాక్యం మొదలుపెట్టాడు.

పదిహేను రోజుల తర్వాత తీర్పు వచ్చింది. పాపను తల్లిదండ్రులకే ఇవ్వాలి, ఆదివారాలు తాతగారు వచ్చి చూసుకోవచ్చు. మంగ కోర్టు వరండాలో మనోహర్ రెండు చేతులూ పట్టుకుని, తన నుదుటికి ఆనించుకుంది. తాత ఒక మూల నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, పాప వెళ్ళి ఆయన పంచె పట్టుకుని లాగింది.

మెట్లు దిగుతుంటే సునంద అంది: "ఆనాడు నువ్వు మాట్లాడినదాంట్ల నాకు సగం గూడ సమజ్ కాలేదు తమ్మీ. వాళ్ళందరికీ అయింది. ఎవరెవరికో అయింది."

మనోహర్ అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

* * *

ప్రయోగశాలలో హైమవతి ఒక కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. అడగడానికి ఆమెకు నోరు రావడం లేదు. మనోహరే కాగితాన్ని తనవైపు తిప్పుకుని చదివాడు. పాత పొరను ఒలిచి పరీక్షించడానికి అనుమతి. ఎక్కడినుంచి అరగడం మొదలైందో తెలిస్తే మిగతా ముప్ఫై తొమ్మిదిమందిని ముందే హెచ్చరించవచ్చు. వాళ్ళలో ఒకరు బడిపంతులు, ఒకరు పదహారేళ్ళ పిల్ల.

ఒలిచాక ఇక అమ్మ విన్నట్టు వినేది ఏదీ ఉండదు. అతను చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తన వంకర సంతకం పెట్టాడు.

ఒలుస్తుంటే అతను కళ్ళు తిప్పుకోలేదు. పై వరసలు పొడిలా రాలాయి. అన్నిటికంటే అడుగున ఉన్న వరస మాత్రం చెక్కుచెదరలేదు. చిక్కటి ఊదారంగు, సందు లేని అల్లిక. హైమవతి తెర దగ్గరకు జరిగింది.

"ఇంత గట్టి అల్లిక నలభైమందిలో ఎవరికీ చూడలేదు నేను. ఇది మొదటి ఏడాదిది. అంటే దీన్ని నేర్పింది..."

"మా అమ్మ" అన్నాడు మనోహర్. ఆ రెండు మాటలూ ఎవరూ తిప్పి చెప్పనక్కరలేదు. హైమవతికి అర్థమయ్యాయి. అడుగు వరస ఎందుకు నిలిచిందో తెలుసుకోవడమే ఇక తన పని అంది ఆమె. కొత్త పొరల అచ్చు దాన్నిబట్టే మారుస్తానంది.

బల్ల మీద కొత్త ఫోను ఉంది. ఖాళీది. దానికి నేర్పడానికి శనివారాలు వస్తానని కోమల అప్పటికే కబురు పంపింది.

"ఆమెను శనివారాలు రమ్మనండి. మిగతా దినాలు నేను కూర్చుంటా" అంది సునంద.

"మీకు ఆయన మాట సరిగా తెలియడం లేదన్నారు కదండీ?" అంది హైమవతి.

"అందుకే కూర్చుంటనంటున్న."

వేసవి సెలవులు మొదలైన రోజు ఇద్దరూ ఆ గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. నియమం ఒక్కటే. అతను ఒక వాక్యం అనాలి, ఆమె అదే అనాలి, సరిగా ఉందని అతను తలూపితేనే పొరలో దారి పడుతుంది. మొదటి వాక్యానికి ఆమె అయిదుసార్లు తప్పింది. ఆరోసారి చిరాకుపడి, "నువ్వు జర నోరు తెరిచి చెప్పరాదురా" అని కసిరింది. అతను పకపకా నవ్వాడు. అమ్మ ఒక్కరోజు కూడా కసరలేదు. అక్క కసురుతోంది, మళ్ళీ చిన్నప్పటిలాగా. ఏడోసారికి వచ్చింది. రెండో వాక్యానికి నాలుగుసార్లు. మధ్యాహ్నం తిండి కూడా అక్కడే తిన్నారు. ఆమె కుర్చీ కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ, సాయంత్రానికి అతని మోకాళ్ళకు తగిలేంత దగ్గరైంది.

అయిదు గంటలకు హైమవతి తలుపు తీసి, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది.

"పదకొండు" అంది సునంద, బడిలో ఫస్టుక్లాసు వచ్చిన పిల్లల లెక్క హెడ్మాస్టరుకు చెప్పినట్టు.

మనోహర్ ఏదో అన్నాడు. హైమవతి అలవాటుగా ఫోను వంక చూసింది. దానికింకా ఏమీ రాదు. అప్పుడామె సునంద వైపు తిరగబోయింది.

సునంద అప్పటికే చెబుతోంది: "పదకొండు కాదంట మేడం, పన్నెండంట. నేనే ఒకటి మర్చిపోయిన."